కండెలు నింపిన హెల్మెట్

మా వాడకట్టులో గొల్లభామ చీర నేసే మగ్గాలు మూడే మిగిలాయి. అందులో ఒకటి నాగయ్యది. భివండిలో పద్నాలుగేళ్లు పవర్‌లూమ్‌ల మోతలో పనిచేసి, సిద్దిపేటకు తిరిగొచ్చి, వాళ్ల బాపు మగ్గం మీదే కూర్చున్నాడు. చీర అంచులో గొల్లభామ బొమ్మకు ఎన్ని పోగులు ఎత్తాలో ఏ కాగితమూ చూడడు. నేను పక్కన కూర్చుని పోరు పెడితే పైకి లెక్క చెబుతూ నేస్తాడు. అడగనిదే నాకు పొద్దుపోదు.

నాగయ్యకు కూతురు ప్రవీణ కొనిచ్చిన హెల్మెట్ మగ్గం పక్కనే బోర్లా పడి ఉండేది కాదు, వెల్లకిలా ఉండేది. దాని నిండా ఆయన భార్య కొండవ్వ చుట్టిన నూలు కండెలు.

"గుండ్రంగున్నది సిద్ధమ్మక్కా, ఒక్క కండె కూడ దొర్లిపోదు" అనేది. భలే తెలివి అని నేనూ మెచ్చుకున్నాను.

ఆ బుధవారం పొద్దున చేనేత సొసైటీలో చీరలు ఇచ్చి వస్తూ, వీధి మలుపులో నాగయ్య మోపెడ్ మీంచి పడ్డాడు. తానే లేచి బండి నెట్టుకుంటూ వచ్చాడు. చెవి పైన చిన్న బొప్పి. రక్తపు చుక్క లేదు.

"ఏమైందిరా?" అన్నాను.

"కుక్క అడ్డమొచ్చిందక్కా. దానికేం తాకలే, గదే సంతోషం."

అందరం నవ్వాం. చాయ్ తాగాడు. ఉప్పు, ఎండు మిరపకాయలు ఆయన చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. ఎవరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టే కదా!

"దిష్టి పోయింది. జరసేపు పండుకోనియ్యి కొండవ్వా" అని తీర్పు చెప్పింది నేనే.

ఆయన మంచం మీద వాలుతుంటే నా నోరు ఊరుకోలేదు. "గొల్లభామ నెత్తి మీది కుండకు ఎన్ని పోగులురా?"

"ఏ కుండ?" అన్నాడు. "భివండి బస్సు వచ్చిందా?"

వేళాకోళం అనుకున్నాను. మళ్లీ అడిగాడు, అదే గొంతుతో. మూడోసారీ అడిగాడు.

"పండుకోనియ్యకే, లేపు!" అని అరిచాను. అప్పుడే తాగిన చాయ్ అంతా కక్కాడు. నూట ఎనిమిదికి ఫోన్ చేశాను.

దవాఖానలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "పుర్రె లోపల రక్తం గడ్డ కడుతున్నది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చెయ్యాలె" అంది. "తలకు దెబ్బ తాకినంక అడిగిందే అడిగినా, వాంతి చేసుకున్నా, మత్తుగ ఉన్నా ఆగొద్దు. పండుకోబెడితే మళ్లీ లేవకపోవచ్చు."

"నేనే పండుకోబెట్టమన్న బిడ్డా" అన్నాను. నా చేతులకు ఇంకా మిరపకాయల వాసన.

నవ్విన మనిషి, చాయ్ తాగిన మనిషి! ఆ నవ్వు వెనకాల రక్తం కారుతూనే ఉందట. ఇప్పటికీ నమ్మలేను.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు నాగయ్య మళ్లీ మగ్గం ఎక్కాడు. కండెలు సిల్వర్ గిన్నెలోకి మారాయి. హెల్మెట్ మేకుకు వేలాడుతోంది, లోపలి మెత్తకు నూలు పోగులు అంటుకునే ఉన్నాయి. బొమ్మ నడుము దాకా బాగానే వచ్చింది. కుండ దగ్గర చేయి ఆగింది.

"అక్కా, కుండకు ఎన్ని పోగులు?"

వందసార్లు నాకు చెప్పిన లెక్క. నోరు తెరిచాను. అడగడమే తప్ప, ఒక్కసారీ గుర్తుపెట్టుకోలేదు.