విమానం దిగాక ఉబ్బిన కాలు

హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన మూడో రోజు, కెనడాలో, కనాటా అనే ఊళ్లో మా ఇంటి మెట్లెక్కుతుంటే ఎడమ పిక్క పట్టేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారడంతో కలిపి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పట్టిన ప్రయాణం అది. రెండు విమానాల్లోనూ నాది కిటికీ పక్క సీటు. నిద్రపోతున్నవాళ్లను లేపడం మొహమాటమై, నీళ్లు కూడా తక్కువ తాగి, కదలకుండా కూర్చున్నాను. ప్రయాణం బడలికేలే అనుకుని కాపడం పెట్టుకున్నాను.

రెండు రోజులకు కాలు ఉబ్బింది. ముట్టుకుంటే వేడి. సాయంత్రం వంటింట్లో ఉండగా ఛాతీలో సూది గుచ్చినట్టయింది. ఊపిరి పూర్తిగా తీసుకోబోతే నొప్పి ఇంకా లోపలికి దిగుతోంది.

"మామ్, వై ఆర్ యూ బ్రీథింగ్ లైక్ దట్?" అంది మా అమ్మాయి మేఘన. దాని ముఖం చూశాకే నాకు భయం మొదలైంది.

మావారు శ్రీధర్ నన్ను ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. నర్సుకు ఛాతీనొప్పి అని మాత్రమే చెప్పాను. ఈసీజీ తీశారు. తర్వాత వచ్చిన డాక్టర్ నా రెండు కాళ్లూ పోల్చి చూసి, "ఈమధ్య దూర ప్రయాణం ఏమైనా చేశారా?" అని అడిగారు.

"ఇండియా నుంచి వచ్చి వారం కూడా కాలేదు" అన్నారు శ్రీధర్.

ఆ డాక్టరమ్మ కాలికి అల్ట్రాసౌండ్, ఛాతీకి సీటీ స్కాన్ వెంటవెంటనే చేయించారు.

"కాల్లో క్లాట్, అంటే గడ్డకట్టిన రక్తం ఉంది, డీవీటీ అంటాం. అందులోంచి కొంత విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. పల్మనరీ ఎంబాలిజం. సమయానికి వచ్చారు" అన్నారావిడ స్కాన్లు చూసి.

ఆ చివరి మాట నన్ను ఓదార్చలేదు. మిగిలింది కూడా విడిపోతే? మంచం మీద కాలు కదపాలన్నా వణుకు. శ్రీధర్ నా పాదం పక్కనే చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు, ముట్టుకోకుండా.

రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. కొన్ని వారాలకు స్నానం చేస్తుంటే మళ్లీ ఊపిరి అందలేదు. మళ్లీ ఎమర్జెన్సీ, మళ్లీ స్కాన్.

"కొత్త క్లాట్ లేదు. పాతవి కరుగుతున్నాయి. ఈ ఆయాసంలో కొంత మీ భయానిది" అన్నారు అక్కడి డాక్టర్. నిజమే కావచ్చు, కానీ ఏది క్లాట్‌దో ఏది భయానిదో నాకెలా తెలుస్తుంది?

ఆరు నెలలకు మాత్రలు ఆపమన్నప్పుడు సంతోషించాల్సింది పోయి, ఇంకొన్నాళ్లు ఉంచమని బతిమాలాను.

ఈ ఏడాది పని మీద మళ్లీ హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. "వద్దులేవే, వీడియో కాల్‌లో కానిచ్చేయ్" అన్నాడు అక్కడుండే మా అన్నయ్య. వెళ్లాను. ప్రయాణం రోజులకు డాక్టర్ మాత్ర రాసిచ్చారు, బిగుతు మేజోళ్లు వేసుకోమన్నారు. సముద్రం మీద ఉన్నంతసేపూ ఎదురుగా స్క్రీన్‌లో ఇంకెంత దూరమో చూస్తూ, పిక్కను తడుముకుంటూ, మాటిమాటికీ లేచి నడిచాను. క్షేమంగా దిగాను. భయం మాత్రం ఇప్పటికీ పోలేదు.

మీకు చెప్పేది ఒక్కటే. దూర ప్రయాణం తర్వాత వారాలు గడిచినా సరే, ఒక కాలే ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాళ్లు అడిగేదాకా ఆగకుండా, విమానంలో వచ్చానని మొదటి మాటగా చెప్పండి.