చెప్పకుండా మింగిన గోళీలు

గోదావరిఖనిలో మాది బట్టల దుకాణం. తాత, నాన్న, నేను, ముగ్గురం ఒకే గద్దె మీద మఠం వేసుకుని చీరలు విప్పినవాళ్లమే. అవతలివాడు ఎంత అడిగినా మన గుట్టు చెప్పకూడదన్నది మా ఇంట్లో బేరానికి ఓనమాలు. ఆ విద్యలో నేను ఘనుణ్ణని నా నమ్మకం. ఆ నమ్మకమే నా కుడి మోకాలి మీదికి తెచ్చింది.

రెండేళ్ల కిందటి వానాకాలంలో ఒక పొద్దున గద్దె మీంచి లేవబోతే ఆ మోకాలు సాగలేదు. మధ్యాహ్నానికి ఉబ్బిపోయింది. చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా కాలుతోంది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు అయినప్పుడు మా అరలు అదరడం రోజూ ఉన్నదే, ఎవరం తలెత్తి చూడం. ఆ రోజు ఆ అదురు గద్దెలోంచి నేరుగా మోకాల్లోకి ఎక్కింది. కేక పెట్టాను. ఎదురుగా కూర్చుని చీర చూస్తున్న ఆమె ఉలిక్కిపడింది.

"ఏందన్నా, రంగు బాగలేదంటే గింతగనం ఒర్లుతవా?"

నవ్వాను. నవ్వితే కూడా నొప్పి పుట్టింది.

మా ఎదురు మందుల దుకాణం నా స్నేహితుడిది. వాళ్లింటి పండుగ బట్టలు మా దగ్గర, మా ఇంటి జ్వరాలు అతని దగ్గర. బజారులో అదే మర్యాద, మనవాణ్ణి దాటి పోకూడదు. అతను వచ్చి మోకాలు తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"భాయ్, నాకు డర్ అయితుంది. దవాఖానకు పో."

"పోత తియ్. ముందుగాల వాపుకేమన్న ఇయ్యి."

"లోపల ఇన్ఫెక్షన్ ఉంటే?"

"దానికి గూడ ఇయ్యి."

తల కొట్టుకుంటూ ఇచ్చాడు. "మూడు రోజులకే ఇస్తున్న. ఏం మింగినవో డాక్టర్‌కు చెప్పాలె. కసమ్ ఎయ్యి." ఒట్టు వేశాను. ఇంట్లో తెలిస్తే అప్పుడే బండి ఎక్కిస్తారని గోళీలన్నీ దుకాణంలోనే మింగాను. బేరం గెలిచాననుకున్నాను.

మూడో రోజు చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటకలాడాయి. కాలు కింద పెట్టలేకపోయాను. నా భార్య నా మాట వినడం మానేసి, కాలి కింద దిండు పెట్టి కారులో కరీంనగర్ తీసుకుపోయింది. దారిలో గుంత వచ్చిన ప్రతిసారీ డ్రైవరును తిట్టాను. అతను పాపం గుంతలు తప్పించడానికే చూశాడు.

ఎముకల డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. షుగర్ ఉందా అంటే ఉందన్నాను. ఈ మధ్య పుండు అయిందా అంటే మడమ పగిలి చీము పట్టిన సంగతి చెప్పాను.

"గోళీలేమన్న వాడిండ్రా?"

"లేదు మేడమ్."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. స్నేహితుడి దుకాణానికి మాట వస్తుందని కొంత, తిడుతుందని కొంత. మిగతాదంతా అలవాటు.

ఆమె మోకాల్లోకి సూది దింపి లోపలి నీళ్లు లాగింది. సిరంజిని కిటికీ వెలుతురులో పట్టుకుంది. మజ్జిగలా చిక్కగా, పసుపుగా ఉన్నాయి. అవతల ఉన్న ఆమె వేలు కనపడలేదు.

"కీలుల చీము పట్టింది. ఎముకల కొసలకు మెత్తటి పొర ఉంటది, ఈ చీము దాన్ని తింటది. పోయిన పొర మళ్ల రాదు. ఇయ్యాల్నే కడగాలె."

"రేపు పొద్దుగాల అయితే..."

"ఇప్పుడే."

అంత తొందరగా నేను ఏ బేరమూ ఓడిపోలేదు. సాయంత్రానికి కీలు తెరిచి కడిగి, మిగిలిన చీము కారిపోవడానికి గొట్టం పెట్టారు. నరంలోకి మందు ఎక్కుతోంది. ఏ క్రిమో పరీక్షలో తేలితే దానికి సరిపడే మందు పెడతామని, అప్పటిదాకా అందాజాగా ఇస్తున్నామని చెప్పారు.

రిపోర్టు వచ్చిన రోజు నాకు మళ్లీ జ్వరం. మోకాలు మళ్లీ ఉబ్బింది. మంచం పక్కనే నిలబడి, డాక్టరమ్మ కింద పనిచేసే చిన్న డాక్టరు అన్నాడు:

"మేడమ్, క్రిమి ఏం పెరగలే. కీళ్లవాతమేమో? ఈ మందు ఆపి చూద్దామా?"

డాక్టరమ్మ కాగితం మళ్లీ మొదటి నుంచి చదువుతోంది.

"మేడమ్, కాలు తీసేస్తరా?"

"గంతదాక రావద్దనే చూస్తున్నం. మోకాలు బిగుసుకపోవచ్చు. రక్తంలకు పాకిందంటే మాత్రం కాలు ముచ్చట కాదు, మనిషి ముచ్చట."

నా భార్య మంచం కమ్మీ పట్టుకుంది. మందు సీసాలోంచి చుక్క పడుతోంది. అది ఆపేస్తారు. నేను నోరు మూసుకుంటే ఆపేస్తారు.

"గోళీలు మింగిన మేడమ్. మూడు రోజులు."

నా భార్య కమ్మీ వదిలి మెల్లగా అంది: "నాతోని గూడ బేరమేనా?"

డాక్టరమ్మ ఏ గోళీలని అడిగింది. పేరు నాకేం తెలుసు? స్నేహితుడికి ఫోన్ చేస్తే మందు పేరు చెప్పి, ఆమె వింటుండగానే నన్ను ఉతికేశాడు. "కసమ్ ఎయ్యలేదార భాయ్!"

"మీరు మింగినయ్ క్రిమిని చంపలే," అంది ఆమె. "మాకు దొరకకుండ దాచినయ్. సగం సచ్చిన క్రిమి పరీక్షల పెరగదు, మోకాల్ల మాత్రం బతుకుతది." చిన్న డాక్టరు వైపు తిరిగింది. "మందు ఆపేది లేదు. ఇంకోటి కలపాలె. రేపు మళ్ల కడుగుదం."

రెండోసారి కడిగారు. ఆ క్రిమి పేరు చివరిదాకా తెలియలేదు. తెలియని దానికి రెండు బలమైన మందులు పెట్టాల్సి వచ్చింది, అవి మూత్రపిండాలను పాడుచేస్తున్నాయేమోనని రోజు విడిచి రోజు రక్తం తీశారు. నర్సు సూదితో వచ్చినప్పుడల్లా ఇక మూత్రపిండాలు కూడా పోయాయనుకునేవాణ్ణి. రెండు వారాలు నరంలోకి, నెల పాటు నోటికి. జ్వరం తగ్గింది. మోకాలు ముప్పాతిక వంతు వంగుతుంది, అంతకు మించి వంగదు. దుకాణంలో కుర్చీ వేసుకున్నాను. చీర కింద పరిచి చూపించడానికి వంగితే కొనేవాళ్లే "నువ్వు కూసో కాకా" అంటున్నారు.

భయం మాత్రం డిశ్చార్జి కాలేదు. పొద్దున కళ్లు తెరవగానే రెండు చేతులూ రెండు మోకాళ్ల మీద పెట్టి ఏది వేడిగా ఉందో చూస్తాను. ఎండాకాలంలో రెండూ వేడిగానే ఉంటాయి, అప్పుడు మరీ భయం. ఒకరోజు నా భార్య చూసి తన చెయ్యి కూడా పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"ఏం లేదు, లే," అంది.

ఆ మాట అనడానికి అంతసేపు ఎందుకు పట్టిందో నేను అడగలేదు.