కుంగిన వెనక మూల

వనపర్తిలో నా షెడ్డుకు ఆ బండి మొదటిసారి వచ్చినప్పుడు నాకు దాని మీద కోపం లేదు, మోజే ఉండె. అప్పటిదాకా జీపులు, ట్రాక్టర్లు, కాలువ పనుల కాడ తిరిగే డీజిల్ బండ్లు బాగుచేసిన చేతులు నావి. కమాన్ పట్టీ విరిగితే తెలుసు, షాకబ్జర్వర్ కారితే తెలుసు. ఇదేమో ఫోర్ వీల్ డ్రైవ్, పాత విదేశీ బండి. దానికి కమాన్లూ లేవు, స్ప్రింగులూ లేవు. నాలుగు మూలల్లో నాలుగు రబ్బరు గాలి సంచులు. గాలి నింపితే బండి లేస్తది, వదిలితే కిందికి దిగుతది. లోపల ఒక బటన్ నొక్కితే సాలు.

బండి గద్వాలల ఉండే ఒక వకీలమ్మది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆమె రెండు కాళ్లూ పడిపోయినయి. చక్రాల కుర్చీలనే కోర్టుకు పోతుండె. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా కేసులు చూస్తుండె. ఆమె అన్న హైదరాబాదుల ఎక్కడో ఈ పాత బండి చూసి కొనిచ్చిండు. బండి పూర్తిగా దిగినప్పుడు దాని ముందు సీటు, ఆమె కుర్చీ ఒక్క ఎత్తుకొస్తయి. కుర్చీ పక్కకు పెట్టుకొని, చేతుల మీద బరువు మోపి, ఒక్క ఊపుల సీట్లకు జరుగుతది. ఎవ్వరి చెయ్యీ అక్కర లేదు. తర్వాత డ్రైవర్ బండిని లేపి, ఎంత గతుకుల దారి ఉన్నా పోనిస్తడు.

ఇప్పుడు దాని రోగం ఏందంటే, రాత్రి సరిగ్గ నిలబెట్టిన బండి పొద్దుగాల చూసేసరికి వెనక ఎడమ మూల కుంగిపోయి ఉంటుండె. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ గుర్రుమంట చానాసేపు మొత్తుకొని లేపుతుండె.

"గాలి యాడనో పోతుంది, గంతే. పొద్దుమీకేసరికి ఇచ్చేస్త" అన్న నేను డ్రైవర్‌తోని.

ఆ మాట ఎందుకన్ననో!

సబ్బు నీళ్లు కలిపి గాలి సంచి మీద, పైపు మీద, జాయింట్ల మీద పోసిన. ఒక్క బుడగ రాలె. మళ్ల పోసిన. రాలె. రెండో రోజు బండిని బాగా పైకి లేపి చూసినప్పుడు తెలిసింది. రబ్బరు కింద మడతపడే చోట సన్నటి పగుళ్లు ఉన్నయి. బండి కిందున్నప్పుడు ఆ మడత మూసుకొని ఉంటది, లేపితే విచ్చుకుంటది. అక్కడ నురుగ లేచింది. దొరికిందని ఎగిరి గంతేసినంత పని చేసిన. హైదరాబాదు తుక్కు బజార్ల తిరిగి ఇంకో బండి నుంచి తీసిన సంచి పట్టుకొచ్చి బిగించిన. తెల్లారి చూస్తే నాలుగు మూలలూ సమానంగ ఉన్నయి. వకీలమ్మ ఫోన్ చేసి "మంచిది అన్నా" అన్నది. ఆ రోజు అన్నం కడుపునిండ తిన్న.

వారం తిరగకముందే డ్రైవర్ మళ్ల షెడ్డు ముందల హారన్ కొట్టిండు. కిందికి దిగిండు. వేలుతోని వెనక ఎడమ మూల చూపిచ్చిండు.

పైపు మార్చిన. జాయింటు మార్చిన. తెచ్చిన సంచి మంచిదేనా అని అనుమానమొచ్చి దాన్ని విప్పి, నీళ్ల డ్రమ్ముల ముంచి చూసిన. దానికేం లేదు. మళ్ల బిగిస్తుంటే ఇంకొకటైంది. టైరు మీద సందుల చెయ్యి పెట్టి బోల్టు తిప్పుతున్న. ఏ వాల్వు తెరుచుకుందో ఏమో, బుస్సుమని గాలి పోయి బండి నా చెయ్యి మీదికి దిగింది. గుంజుకున్న కాబట్టి మోచేతి కాడ తోలు లేచిపోయి ఊరుకుంది, లేకుంటే ఎముక మిగిలేది కాదు. కింద స్టాండులు పెట్టకుండ చెయ్యి పెట్టినందుకు నన్ను నేను తిట్టుకొని, పానా తీసుకపోయి రేకుల గోడకు విసిరికొట్టిన. అప్పటినుంచి స్టాండులు లేకుండ దాని జోలికి పోలె.

ఎండకాలం నడుమల అసలు గొడవ జరిగింది. వకీలమ్మ భూమి తగాదా ఒకటి చూసుకొనేటందుకు ఖిల్లా ఘణపూర్ దిక్కు పోయింది. దారి బాగలేదని డ్రైవర్ బండిని పై ఎత్తుకు లేపిండు. ఊర్లె ఆగి, ఆమె దిగేటందుకు బటన్ నొక్కితే బండి దిగలె. లైటు ఎర్రగ వెలిగి అట్లనే బిగుసుకపోయింది. కుంగే బండి కుంగకుండ మొండికేసింది. కుర్చీ ఎక్కడనో కింద, సీటు ఎక్కడనో పైన. ఎండల ఎంతసేపని కూసుంటది? చివరికి డ్రైవర్, ఊరాయన ఒకడు కలిసి ఆమెను చంకల కింద చేతులేసి దించిండ్రు. చుట్టూ జనం. కేసుల అవతలి పక్షం వాళ్లు గూడ ఉండిరి.

తెల్లారి బండి నా షెడ్డుకొచ్చింది, లోపల ఆమె గూడ ఉండె. అప్పటికి రాత్రంత గాలి పోయి బండి తనంతట తానే కిందికి దిగి ఉన్నది. ఆమె కుర్చీలకు జరిగి నా ముందరికొచ్చింది.

"అన్నా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. ఇది నీ చేతనైతదా, కాదా?"

"అమ్మా, దీన్ల ఒక రోగం గాదు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి బయట పడుతుంది."

"నాకు రోగాల సంగతి ఎందుకు? నిన్న నన్ను బస్తా దించినట్ల దించిండ్రు. పన్నెండేండ్ల వయసుల మా నాయినకు చెప్పిన, ఇంక నన్ను ఎవ్వరూ ఎత్తొద్దని. నిన్నటిదాకా ఎవ్వరూ ఎత్తలె."

మనసుల ఉన్నది చెప్పిన. "హైదరాబాదుల చానామంది గీ గాలి సంచులు పీకేసి మామూలు స్ప్రింగులు ఏపిచ్చుకుంటున్నరమ్మా. మళ్ల పరేషానుండది."

"స్ప్రింగులేస్తే దిగుతదా?"

"దిగది. ఒక్క ఎత్తు మీదనే ఉంటది."

"మరి నాకెందుకు ఆ బండి?" అన్నది. కుర్చీ తిప్పుకొని నీడకు పోయింది.

ఆమె మీద కోపమొచ్చింది. బండి మీద కోపమొచ్చింది. దాన్ని తయారు చేసినోని మీద ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. అమ్మేటప్పుడు అన్ని సోకులు చూపిచ్చి, పాతబడినంక రిపేరు పుస్తకం లేదు, సామాను లేదు, చెప్పేటోడు లేడు. పనిల పడితే కోపం తగ్గుతదని, ఈసారి ఒక్కొక్కటే విడదీసి చూద్దామనుకున్న.

అన్ని సంచుల పైపులూ ఒక వాల్వుల డబ్బాలకు పోతయి. ఏ సంచికి ఎంత గాలి పోవాలో, ఎప్పుడు వదలాలో ఆ డబ్బానే చూస్తది. వెనక ఎడమ సంచి పైపును డబ్బా నుంచి పీకి, దాని కొసకు టైరు వాల్వు ఒకటి బిగించిన. టైర్లకు గాలి కొట్టినట్లే ఆ సంచికి గాలి కొట్టిన. షెడ్డు గోడ మీద, బండి అంచు ఎత్తుకు సుద్దతోని గీత గీసిన. ఇప్పుడు ఆ మూలకు డబ్బాతోని సంబంధం లేదు. కుంగితే సంచిదో పైపుదో తప్పు. కుంగకపోతే డబ్బాదే.

పొద్దుగాల వచ్చి చూస్తే గీతకు సరిగ్గ ఆనుకొని ఉన్నది.

డబ్బా విప్పిన. లోపల తెల్లటి పొడి, ముగ్గు పిండి లెక్క. కంప్రెసర్ పక్కన ఒక చిన్న డబ్బీల తేమ పీల్చే గింజలుంటయి. ఏండ్లకేండ్లు మార్చకపోతే అవి నలిగి పొడైపోయి, గాలితోని కలిసి వాల్వుల్లకు పోయినయి. వాల్వులు సరిగ్గ మూసుకోకుండ ఆ పొడి అడ్డం పడింది. లోపలి రబ్బరు రింగులు అణిగి బద్దలైనయి. గాలి ఆ సందుల నుంచి పోతుండె. ఇన్ని రోజులు నేను ఆ మూల కాడ సబ్బు నీళ్లు పోసుకుంట కూసున్న, దొంగ వేరే కాడ ఉండె.

ఇగ రింగుల కోసం తిరుగుడు. వనపర్తిల మోటరు పంపుల దుకాణంల ఇచ్చినవి మందం. నాగర్‌కర్నూల్‌ల ట్రాక్టర్ సామాను దుకాణంల ఇచ్చినవి పలుచన. ఒక్కొక్కటి ఏసుడు, గాలి కొట్టుడు, మళ్ల విప్పుడు. చివరికి గద్వాలల లారీ బ్రేకులు చేసేటాయన దగ్గర ఒక డబ్బా నిండ ఉన్న రింగుల్ల ఏరుకుంట కూసుంటే సరిపోయేటివి దొరికినయి. ఆయనకు గూడ ఏది ఏ సైజో తెల్వదు. ఇద్దరం మధ్యాహ్నమంత నేల మీద కూసొని ఏరినం. గింజలు గూడ కొత్తవి పోసిన. మూల నిలబడింది.

కానీ ఎర్ర లైటు పోలె. ఈ బండ్ల కంప్యూటర్ తప్పు ఒకసారి రాసుకుంటే, మిషన్ పెట్టి చెరిపేదాకా మళ్ల పని చెయ్యనియ్యదు. ఆ మిషన్ హైదరాబాదుల ఉంది. నేను, డ్రైవర్ కలిసి తీసుకపోయినం. అక్కడోడు చెరిపేసి, "స్ప్రింగులేపియ్యిండ్రి, బతికిపోతరు" అని నాకు సలహా ఇచ్చిండు. వాపసు వస్తుంటే జడ్చర్ల దాటంగనే లైటు మళ్ల వెలిగింది.

డ్రైవర్ బండి పక్కకు ఆపిండు. ఇద్దరం దిగి రోడ్డు అంచున కూసున్నం. కండ్లల్ల నీళ్లొచ్చినయి నాకు. చెప్పుకుంటే నవ్వుతరు గానీ, నిజంగనే వచ్చినయి. "అగ్గిపెట్టె ఉందా?" అన్న. "బీడీకా?" అన్నడు. "బండికి" అన్న.

షెడ్డుకొచ్చినంక ఎత్తు కొలిచే సెన్సర్లు పట్టుకున్న. చక్రం పైకి కిందికి పోయినప్పుడల్ల అవి కంప్యూటర్‌కు సంగతి చెప్తయి. ముందు కుడి దానికి పోయే వైరు పైకి మంచిగనే కనిపిస్తుంది. మీటర్ పెట్టి మెల్లగ వంచి చూసిన. సాపుగ ఉన్నప్పుడు కలుస్తుంది, వంగితే తెగుతుంది. తోలు చీరి చూస్తే లోపల రాగి పచ్చగ చిలుమెక్కి, నాలుగు పోగుల మీద ఆగి ఉన్నది. బండి పై ఎత్తుకు లేస్తే వైరు గుంజుకుంటది, కంప్యూటర్‌కు సంగతి అందదు, బిగుసుకపోతది. ఖిల్లా ఘణపూర్‌ల జరిగింది గదే. వైరు కోసేసి, కొత్తది అతికి, కొంచెం ఒదులుగ కట్టిన. మళ్ల హైదరాబాదుకు పోయి చెరిపించిన. అక్కడోడు నన్ను చూసి "మళ్లొచ్చినవా?" అన్నడు.

బండిని గద్వాలకు నేనే తీసుకపోయిన. వకీలమ్మ ఇంటి ముందల ఆపి బటన్ నొక్కిన. బుస్సుమని నాలుగు మూలలూ ఒక్కసారే దిగినయి. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకొని, సీట్లకు పోయి కూసున్నది. లేపమన్నది. దించమన్నది. మళ్ల లేపమన్నది. ఆమె ఎంతసేపైనా చూడాలనే అనుకుంటుంది, నాకేమో ప్రతిసారీ గుండె ఆగుతుంది. ఏది పట్టుకుంటదో, ఏది ఊడిపోతదోనని.

"ఎన్ని రోజులుంటది అన్నా?" అని అడిగింది.

"చెప్పలేను అమ్మా" అన్న. ఆ బండి గురించి నేను చెప్పిన మాటల్ల అదొక్కటే సరిగ్గ చెప్పిన.

ఆ వారం ఆమె సోమశిలకు పోయి, నది ఒడ్డున సీట్ల నుంచి కుర్చీలకు తానే దిగి, పడవలు చూసి వచ్చిందని డ్రైవర్ చెప్పిండు. ఆ బండి ఇంకా రెండు మూడేండ్లు నడిచింది. మధ్యల ముందు సంచి ఒకటి పగిలింది, కంప్రెసర్ ఒకసారి కాలింది. చెడిపోయిన ప్రతిసారీ ఇదే ఆఖరిదని అనుకుంటుంటి. అటెన్క సామాను ఏడా దొరక్క, ఆమె దాన్ని అమ్మేసి, చిన్న కారుకు సీటు బయటికి జరిగేటట్లు చేపిచ్చుకున్నది. ఆ సీటు పట్టాలు నేనే వెల్డింగు చేసిన. గాలి లేదు, కంప్యూటర్ లేదు. రెండు ఇనుప పట్టాలు, నాలుగు బేరింగులు. ఒక్క పూటల అయిపోయింది.