ఏడు పిన్నులకు ఏడు బొట్లు

పెళ్లి కుదరకముందే కాబోయే మామగారి బండిని విప్పి చాప మీద ఆరబోసిన ఘనుడు మలేషియాలో ఎవడైనా ఉన్నాడా అని మీరు వెతకనక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది వాడే. ఆనాడు నేను చేసిన నిర్వాకం ఇప్పటికీ మా సుంగై సుమున్‌లో ఏ పెళ్లి భోజనాలు జరిగినా రెండో వడ్డనకు ముందు చెప్పుకుంటారు. వాళ్లు కలిపి చెప్పే అబద్ధాలు భరించలేక నిజమేమిటో నేనే రాసేస్తున్నాను. నిజం ఇంకా ఘోరంగా ఉంటుంది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. పామాయిల్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరి ఏడాదైంది. మిల్లులో మోటార్లు కరెంటుతో కాదు, నన్ను చూసిన భయంతో తిరుగుతున్నాయని నా గట్టి నమ్మకం. మా అమ్మకు దూరపు అన్న వరస అప్పలనాయుడు మామ. కొబ్బరి ఎస్టేటులో లారీ తోలి రిటైరైన మనిషి. ఆయన కూతురు దేవిని నాకిమ్మని అడిగితే ఔననలేదు, కాదనలేదు. "సూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎనిమిది నెలలు వేలాడాను.

ఆ రోజుల్లోనే మామ పాత క్యారవాన్ ఒకటి కొన్నాడు. పికప్ వెనక తగిలించుకుని లాక్కుపోయే బుల్లి ఇల్లన్నమాట. అందులో మంచం, పొయ్యి, ఫ్యాను అన్నీ ఉన్నాయి. అత్తను కొండల మీది కామెరాన్ హైలాండ్స్ తీసుకెళ్లి, చలిలో ముసుగుతన్ని పడుకోవాలని ఆయన ముచ్చట.

శనివారం పొద్దున ఏడింటికి వాకిట్లో బండిపూజ. తొమ్మిదికి రాహుకాలం వస్తుంది కనక ఆలోపే బయల్దేరాలి. అత్త పళ్లెంలో పసుపుముద్ద, కుంకుమ, కొబ్బరికాయ పెట్టి తెచ్చింది. దేవి చూస్తోంది కదా, బొట్లు పెట్టే పని నేను లాక్కున్నాను. చక్రాలకు పెట్టాను, తలుపుకు పెట్టాను, పొయ్యికి పెట్టాను. ముందు కొక్కెం దగ్గర క్యారవాన్ ప్లగ్గు వేలాడుతోంది. దాన్ని పికప్ సాకెట్లో పెడితేనే వెనక బ్రేకు లైట్లకూ సిగ్నళ్లకూ ప్రాణం వచ్చేది. టైరుకు బొట్టు పెట్టి కరెంటును వదిలేస్తే ఎంత అపచారం! అందుకని దాని ఏడు పిన్నులకూ విడివిడిగా, బొటనవేలితో అదిమి అదిమి, పసుపూ కుంకుమా పెట్టాను. ఏ ఒక్క పిన్నుకూ అన్యాయం జరగనివ్వలేదు. తర్వాత ప్లగ్గును సాకెట్లో దూర్చి, భక్తిగా దండం పెట్టుకున్నాను.

మీకు అర్థమైపోయింది కదూ? నాకు ఇంకా మూడు గంటలు పడుతుంది.

మామ పికప్ ఎక్కి ఎడమ సిగ్నల్ వేశాడు. క్యారవాన్ వెనక రెండు లైట్లూ జ్వరమొచ్చినట్టు మిణుకుమన్నాయి. బ్రేకు తొక్కాడు. ఉన్న మిణుకు కూడా పోయింది.

"ఏటిరా ఇది? నిన్న అన్నీ బాగానే ఎలిగినాయి గదా?"

"పాత బండి మావా. నానున్నాను గదా, అరగంట సాలు."

"సాలకపోతే?"

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ దేవి అరుగు మీదే నిలబడి ఉంది. "తొమ్మిదిలోగా బాగుసెయ్యకపోతే మరింక నీ పిల్లనడగను మావా!" అని అరిచాను. మామ మొదటిసారి నన్ను చూసి నవ్వాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

ముందు ఫ్యూజులు మార్చాను. తర్వాత వెనక లైట్లు ఊడదీశాను. దేవి టీ తెచ్చింది.

"బావా, ప్లగ్గు తీసి సూసినావా?"

"ప్లగ్గు పెట్టింది నాను. నాను పెట్టింది తప్పుగుంటాదేటి?"

"తప్పన్నేదు. సూసినావా అన్నాను."

"మిల్లులో ఏనుగులంత మోటార్లు సూసినోణ్ణి. నాకు ప్లగ్గు గురించి సెప్తావేటి!"

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నేను బ్యాటరీ ఓడు అన్నాను. క్యారవాన్ లోపలి బ్యాటరీకీ వెనక సిగ్నళ్లకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా దాన్ని పీకి వాకిట్లో పెట్టాను. దాంతో అప్పటిదాకా శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాను కాస్తా ఆగిపోయింది. లోపల అత్త కొత్త చీర కట్టుకుని, ఒళ్లో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుని ఉంది.

"బావూ, గాలాడతన్నేదు."

"కాసేపు దిగు అత్తా."

"దిగను. దిగితే మీ మావ మనసు మార్చీసుకుంటాడు. నలబై ఏళ్లయ్యింది, ఎక్కడికన్నా తీసుకెళ్తాడేమోనని సూస్తన్నాను."

ఆ మాట వినగానే నాకు నిజంగా సిగ్గేసింది. సిగ్గేస్తే మనిషన్నవాడు ఆగాలి. నేను ఇంకా జోరు పెంచాను. "అయితే కాళ్లెత్తు అత్తా, నీ కింద వైరుంది" అని నేల చెక్కలు లేపేశాను. తొమ్మిదైంది. మామ నెమ్మదిగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"రావుకాలం వచ్చీసింది. ఇంక తొందరేటి? నిదానంగా పాడుసెయ్యి" అన్నాడు.

పదయ్యేసరికి వాకిట్లో చాప మీద వెనక లైట్లు, లోపలి లైట్లు, ఫ్యాను, స్విచ్చులు, లోపలి వైర్లు పరిచి ఉన్నాయి. హుటాన్ మెలింటాంగ్ చేపల రేవులో ఎండుచేపలు ఆరబెట్టినట్టుంది. నేను చెమట తుడుచుకుని తీర్పు చెప్పాను.

"మావా, ఈ బండి జాతకమే బాగునేదు. వైరింగంతా మార్చాల."

దేవి అరుగు దిగి వెళ్లి ప్లగ్గు లాగింది. అందులోకి ఒకసారి చూసింది, నావైపు ఒకసారి చూసింది.

"అమ్మా, ఇలగ రా. ప్లగ్గుకి పసుపెవురు రాసినారు?"

అత్త బండెక్కి కూర్చున్నాక మొదటిసారి దిగి వచ్చింది. "ఏడింటికీ ఏడు బొట్లు! అయ్యయ్యో, ఎంత బత్తి బావూ నీకు!" అంది. ఆ మహాతల్లి నిజంగానే మెచ్చుకుంది. మామ మాత్రం నా బొటనవేలి వైపు చూశాడు. అది పచ్చగా మెరిసిపోతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను వేలికి పసుపు పెట్టుకుని బండంతా వెతికాను.

దేవి పాత టూత్‌బ్రష్‌తో, కరెంటుకు అడ్డుపడిన పసుపంతా పోయేలా పిన్నులు తోమి, పొడిగుడ్డతో తుడిచి, ప్లగ్గు మళ్లీ సాకెట్లో పెట్టింది. వెనక లైట్లు తిరిగి బిగించే గౌరవం మాత్రం నాకు వదిలింది. మామ సిగ్నల్ వేశాడు. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. బ్రేకు తొక్కితే ఎర్రగా కళకళలాడాయి.

"బయటివి ఎలిగినాయి. మరి లోపలి లైట్లు?"

"అవి ముందునుంచీ బాగానే ఉన్నాయి మావా. నాను ఇప్పీసినాను."

"ఫ్యాను?"

"అదీ నానే."

రాహుకాలం దాటగానే మామా అత్తా బయల్దేరారు. క్యారవాన్ పేగులన్నీ ఒక బకెట్లో సర్ది వెనక పెట్టాను. అత్త చేతికి టార్చిలైటు ఇచ్చాను. "కొండ మీద ఫ్యానెందుకులే" అని ఆవిడే నన్ను ఓదార్చింది. గేటు దగ్గర పికప్ ఆగింది. పందెం ఓడిపోయినవాణ్ణి, తలొంచుకుని దగ్గరికి వెళ్లాను.

"మాటంటే మాటే మావా. పిల్లనడగను."

"నువ్వు అడక్కులే. నానే ఇత్తన్నాను" అన్నాడు మామ, స్టీరింగు మీద చెయ్యి వేసి. "ఇంటికి దీపం ఇల్లాలంటారు. నువ్వున్న ఇంట్లో ఎలిగే దీపం అదొక్కటే గదా!"

కనక ముక్కోటి దేవతల సాక్షిగా, వాళ్లందరికన్నా ముందు మా ఆవిడ దేవి సాక్షిగా, నేను చేసుకున్న ప్రతిజ్ఞ ఇది. ఇకమీదట ఏ యంత్రం మొరాయించినా, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు "చివరిసారి దీన్ని ముట్టుకున్నదెవరు?" అని గట్టిగా అడుగుతాను. అడిగే ముందు నా చేతులు శుభ్రంగా కడుక్కుంటాను.