ఆరిన తెర, ఆగని మోటారు

“ఆడే మిషన్లో చెయ్యెవరు పెట్టమన్నారు ఆవిడ్ని?” అన్నాడు ఓనరు, వేలు తెగిన రోజు సాయంత్రం.

“ఆడట్లేదండి. ఆగింది చూసే పెట్టింది,” అన్నాను.

“ఆగిన మిషను వేలెట్టా కోసిద్ది పిన్నీ? నువ్వే చెప్పు. ఇక మస్తాన్‌బీని రావొద్దను. ఇంకో చెయ్యి పోతే ఎవరిది పూచీ?”

ఎట్లా కోసిందో నాకు తెలుసు. చెప్పలేదు.

జగ్గయ్యపేటలో కాలిపోయిన పంపు మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టే షాపులో ఇరవై రెండేళ్లు చేశాను. నాది మూడో తరగతి చదువు. చివరికి వైండింగు బల్లకు పెద్దనయ్యాను. ఒక్క చుట్టు తప్పినా ఒప్పుకునేదాన్ని కాదు. చుట్ల లెక్కలో ఉన్న మనిషిని ఎవరూ పలకరించకూడదని షాపులో కట్టడి పెట్టింది నేనే.

అప్పుడే ఓనరు కంప్యూటరుతో నడిచే మిషను తెచ్చాడు. అరచేతిలో పట్టే మోటారు, తీగ చుట్టుకునే చెక్క అచ్చును, అంటే ఫర్మాను తిప్పుతుంది. ఎన్ని చుట్లో కంప్యూటరులో కొడితే అన్ని చుట్టి ఆగుతుంది. చుట్టిన తీగను దారంతో కట్టుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చి, తర్వాతి చుట్ట దానంతట అదే మొదలుపెడుతుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్ ఇదంతా నాకు చెప్పాడు. సగం ఇంగ్లీషు. అర్థమైనట్టు తలూపాను. బల్లకు పెద్దను కదా.

ఆ రోజు టీ వేళకు ఫర్మా ఆగి ఉంది. ఎవరూ చూడని తెరకు కరెంటు దండగని స్విచ్చి నొక్కాను. ఇంట్లో టీవీ కూడా అట్లాగే ఆపుతాను; తెర ఆరితే మిషనంతా ఆగినట్టే అనుకున్నాను.

“ఆపేశావా అక్కా?” అంది మస్తాన్‌బీ. పన్నెండేళ్లుగా నా పక్కనే చుట్టిన మనిషి.

“ఆపేశా. నిదానంగా కట్టుకో.”

“నీ కళ్లబడ్డాక ఏ లైటన్నా వెలుగుద్దా,” అని నవ్వి, దారం దూర్చడానికి తీగ కింద వేలు పెట్టింది.

నేను ఆపింది తెరనే. బల్ల కింద కంప్యూటరు పెట్టె నడుస్తూనే ఉంది. వ్యవధి అయిపోయింది, ఫర్మా తిరిగింది. తీగ ఆమె వేలి మీద బిగిసింది. మళ్లీ అదే స్విచ్చి నొక్కాను. తెర వెలిగింది, అందులో చుట్ల అంకె పెరుగుతోంది. ప్లగ్గు పీకేసరికి ఏడు చుట్లు పడ్డాయి.

మిషన్లో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకాలి. తెలియని పనిని తెలియదని అడగాలి. అడగకపోతే పోయేది పక్కవాళ్ల చెయ్యి. ఆ పనిలో ఆఖరున నేర్చుకున్నది ఇదే.

మర్నాడు పొద్దున షాపు తీయగానే ఓనరుకు జరిగింది చెప్పాను. మస్తాన్‌బీ పని ఆమెకే ఉంటుందన్నాడు. నన్ను బల్ల మీంచి తీసి పాత తీగ ఊడదీసే చోట కూర్చోమన్నాడు. మధ్యాహ్నం దాకా సెలవడిగి, మస్తాన్‌బీని చేర్చిన నందిగామ ఆస్పత్రికి వెళ్లాను. ఆమె కుడిచేతి చూపుడువేలు రెండో కణుపు దాకా తీసేశారు.