గుడ్లు మంచివేనమ్మా

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో చేప ముల్లులా అడ్డుపడి ఉంది. మీకు చెబుతాను. నా పేరు మాత్రం అడక్కండి.

ఏలూరులో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ఆడవాళ్ల నుంచి తీసిన గుడ్లను మైక్రోస్కోపు కింద పెట్టి, ఏది పండిందో ఏది పనికిరాదో చెప్పడం నా పని. రోజూ డైరీ రాసే అలవాటు. పద్ధతి గల మనిషినని పేరు. ఆ పేరే నన్ను చెడగొట్టిందేమో.

కైకలూరు వైపు చేపల చెరువుల మీద బతికే భార్యాభర్తలు వచ్చారు, వెంట అత్తగారు. ఆ ఉదయం ఆమె గుడ్లు చూశాను. తేటగా, గుండ్రంగా ఉన్నాయి. పండిన గుడ్డుకు గుర్తుగా అంచున చిన్న పూస. ఇంత మంచివి చూసి చాన్నాళ్లయిందనుకుంటూ వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టాను. తలుపు సరిగా పడకపోతే ఆ పెట్టె కూత పెడుతుంది. ఊరికే కూస్తోందని, అంతకుముందే ఆ అలారం ఆపేసింది నేనే. మధ్యాహ్నం వెళ్లి చూస్తే తలుపు ఓరగా తెరిచి ఉంది. గుడ్లు మసకబారి ముడుచుకుపోయాయి.

బయటికొచ్చి, "గుడ్లు మంచివి కావమ్మా" అన్నాను. ఎందుకలా అన్నాను? భయమా? పేరు పోతుందనా?

"గుడ్డు మంచిది కాకపోతే గొడ్డనేగా అండీ?" అంది అత్తగారు.

గు కాస్తా గొ అయింది. నేను కాదనలేదు. వాళ్లు మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు కైకలూరులో మా మేనకోడలి సీమంతం. ముత్తైదువలు గాజులు తొడుగుతుంటే, పక్కింటావిడ గోడవారగా నిలబడి ఉంది. "నువ్వూ తొడగమ్మా" అన్నాను, గుర్తుపట్టక.

"నేను తొడక్కూడదండీ. నావి మంచివి కావని మీరేగా చెప్పారు." నవ్వింది. "మీరు ఉన్నదున్నట్టు చెప్పబట్టి, మళ్లీ మళ్లీ ఆశపడకుండా ఆగిపోయామండీ. మీ మేలు మర్చిపోను."

అప్పటికింకా ఆమెకు వయసుంది. అక్కడే, ఆ గోడ పక్కనే నిజం చెప్పి ఉంటే మళ్లీ ప్రయత్నించేవారేమో, కడుపు నిలిచేదో లేదో నాకు తెలియదు గానీ, ఆ ఆశ ఆమెది, దాన్ని తీసేసుకునే హక్కు నాకెవరిచ్చారు? చేతిలో పెట్టిన చలిమిడి తిని బస్సెక్కాను. ఆ రోజు డైరీలో భోజనాలు బాగున్నాయని రాశాను.

ఇప్పుడామెకు ఆ వయసు దాటిపోయింది. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

అమ్మా, నీ గుడ్లు మంచివే. తలుపు నేనే సరిగా వెయ్యలేదు.

ఇంతే మాట. రాశాక గుండె కాస్త తేలికైంది. తేలికైనందుకు సిగ్గుగా ఉంది.