గంగక్క పంటి సందులో టార్చి

మా ఊళ్ళో గంగక్కకు పలకరింపులు రావు. ఎదురొచ్చినవాణ్ణి తిట్టడమే ఆమె పలకరింపు. తిట్టకుండా దాటిపోయిందంటే మన ముఖంలో ఏదో జబ్బు కనిపించిందన్నమాట, ఆ రోజే డాక్టరుకు చూపించుకోవడం మంచిది. ఇంత చేదు నోటికి కూడా రాప్తాడు దగ్గర జరిగే గొర్రెల సంతలో గిరాకీ ఉంది. ఎందుకంటే గొర్రె నోరు చూసి దాని వయసు చెప్పడంలో ఆమె మాటే మాట.

గొర్రెకు కింది వరుసలో రెండు పెద్ద పండ్లు వస్తే ఒక ఈడు, నాలుగు వస్తే ఇంకో ఈడు. నోరు నిండితే ముదురు. అరిగి సందులు పడితే ముసలిది. ముసలి గొర్రెను కొన్నవాడికి ఈత ఉండదు, పాలు ఉండవు. వానల్లేని ఏడు అది మేసే నాలుగు గడ్డిపోచలూ దండగ. అందుకే మంద పెంచుకోదలచినవాళ్ళు తిట్లు తింటూనే గంగక్కను వెంటబెట్టుకుని సంతకు పోతారు.

బెంగళూరు లారీలు ఎండ ముదరకముందే కదలాలి కాబట్టి సంత తెల్లవారకుండానే మొదలవుతుంది. ఆ మసకలో గంగక్క గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికిస్తుంది. ఒక చేత్తో దవడ పట్టుకుంటుంది, రెండో చేత్తో పెదవి కిందికి దించుతుంది. వెలుతురు కోసం తన బటన్ల ఫోనును, టార్చి వెలిగించి, పండ్లతో కరిచి పట్టుకుంటుంది. మనిషికి మూడో చెయ్యి ఇవ్వలేదని దేవుణ్ణి కూడా ఆమె చాలాసార్లు తిట్టింది.

ఆమెకు ఒక శత్రువున్నాడు. పేరు ఓబులేష్. అతనిదీ ఇదే పని. మెడలో తువ్వాలు, చేతిలో రోకలంత టార్చి. గంగక్కకున్న గిరాకీలో సగం తనకు రావాలని అతని కోరిక. ఓబులేష్ కూడు తినడం మానేయాలని ఆమె కోరిక.

మొన్నొక సంతలో ఆమె ఒక గొర్రె నోట్లోకి తలవంచి చూస్తుండగా, పండ్ల మధ్యనున్న ఫోను దడదడలాడుతూ మోగింది. ఫోను వణికితే గంగక్క పుర్రె వణికింది. ఉలిక్కిపడి నోరు తెరిచింది. ఫోను పోయి గొర్రెలు అప్పుడే తడిపిన మట్టిలో పడి ఆరిపోయింది. అవతల చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఓబులేష్ నవ్వుతున్నాడు.

"అయ్యో గంగక్కా! ఎట్లుండావోనని చేసినాలే. నా టార్చి ఉండాది కదా, నేను పడతా, నువ్వు సూడు."

ఆ రోజు ఆమెను పిలుచుకొచ్చినవాడు శింగనమల సోమప్ప. పోయినేడు నీలినాలుక రోగానికి సగం మంద పోగొట్టుకుని, మళ్ళీ మొదటినుంచి కూడబెట్టుకుంటున్న మనిషి. "తొందరగా కానీ అక్కా" అని అతను వెనక నుంచి ఒకటే పోరు. గంగక్క జీవితంలో మొదటిసారి పరాయి వెలుతురులో చూసింది. ఓబులేష్ ఆ రోకలి టార్చిని గొర్రె ముఖానికి ఎదురుగా, లారీ లైటు మాదిరి పట్టాడు. పండ్లన్నీ తళతళా మెరిశాయి. "నాలుగు పండ్లు, కొనుక్కో" అంది గంగక్క.

ఇంటికి పోయి పగటి వెలుతురులో చూస్తే అది ముసలి గొర్రె. అరిగి ఎగుడుదిగుడైన పండ్లను ఎవరో ఆకురాయితో రాసి సమం చేశారు, పక్కవాటిని పాలపండ్లంత చేశారు.

మరుసటి రోజే సోమప్ప ఆ గొర్రెను మోపెడ్ మీద వేసుకొచ్చి గంగక్క వాకిట్లో దించాడు.

"ఇది నాలుగు పండ్ల గొర్రెనా అక్కా? నా పెండ్లినాటికే పుట్టుంటాది ఇది."

"ఆ లైటు వానిది సోమప్పా."

"లైటు వానిదే. మాట నీది కదా? వచ్చే సంతకు ఇంగొక్కసారి పిలుస్తా. ఆ పొద్దు గూడా తప్పినావంటే ఓబులేషునే పిలుచుకుంటా. సంతలో అందరికీ చెప్పి మరీ పిలుచుకుంటా."

గంగక్క తిట్టలేదు. వీధంతా భయపడింది.

మొగుడి వెనక గొర్రెలు కాస్తూ నేర్చుకున్న విద్య అది. మొగుడు పోయాక ఆమెను సంతలో మగవాళ్ళ మధ్య నిలబెట్టింది అదొక్కటే. సోమప్ప వదిలేస్తే వాణ్ణి చూసి ఇంకొకడు వదిలేస్తాడు. తర్వాత ఆమె తిట్టినా పడేవాడు ఉండడు. ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం అదేనని నా అనుమానం.

ఆటో ఎక్కి అనంతపురం పోయింది. ఫోను కవర్లూ టార్చిలూ అమ్మే ఒక ఇరుకు కొట్లో విజయభాస్కర్ అనే ఆసామి కూర్చుని ఉన్నాడు. గల్లాపెట్టె దగ్గర అతని భార్య ఈశ్వరి.

"ఏం కావాల అవ్వా?"

"అవ్వ మీ ఇంట్లో ఉంటాది. టార్చి సూపీ."

అతను ఒక బారెడు టార్చి తీశాడు. "ఇది కొడితే కొండ మీద మేక గూడా కనపడతాది."

"కొండ మీది మేకను నేనేం చేసుకునేది? నా మోకాళ్ళ సందున ఉండే గొర్రె కనపడాల."

విజయభాస్కర్ ఇంకోటి తీశాడు. "ఇది కొత్త మాల్. ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు, రెండోసారి సన్నది, మూడోసారి మినుకు మినుకు, నాలుగోసారి ఎర్ర లైటు, అయిదోసారి సైరన్."

"ఆరోసారి నొక్కితే నీ నోరు మూతపడతాదా?"

ఈశ్వరి నవ్వు ఆపుకోలేక చిల్లర సర్దుతున్నట్టు తల వంచుకుంది. విజయభాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. నెత్తికి కట్టుకునే లైటొకటి తెచ్చి ఆమె ముందర విసిరినట్టు పెట్టాడు. "రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఇంతకన్నా మంచిది ఈ జిల్లాలో లేదు."

గంగక్క కట్టుకుని అద్దంలో చూసుకుంది. విప్పేసింది. "ఇది కట్టుకోని సంతలో నిలబడితే, నేను ఏ గొర్రెను సూస్తాండానో రోడ్డు మీద బస్సులోల్లకు గూడా తెలుస్తాదప్పా."

అది ఉత్త పేచీ కాదు. సంతలో ఒక గొర్రె నోటి మీద వెలుతురు కాసేపు నిలిచిందంటే చాలు, అందులో ఏదో మంచి సరుకుందని మిగతా దళారులు ఈగల్లా మూగుతారు. అమ్మేవాడు మీసం మెలేస్తాడు. అందుకే వెలుతురు గొర్రె నోట్లోనే పుట్టి గొర్రె నోట్లోనే చావాలి. అరచెయ్యి అడ్డం పెడితే దాగిపోవాలి.

"చార్జింగుది కావాల్నా?"

"మా ఊర్లో కరెంటు గూడా నీ మాదిరే. మంచిగా పిలిస్తే పలకదు."

అప్పుడు కనిపించింది ఆమెకు, తాళాల గుత్తులు వేలాడదీసిన కొక్కేల మధ్య. చిటికెన వేలంత నల్లటి గొట్టం, తోకకు ఒక రింగు.

"అదేంది?"

"అది బీగాలకు తగిలించుకునేది. దాంట్లో ఏం లేదు అవ్వా. నొక్కితే వెలుగుతాది, మళ్ళా నొక్కితే ఆరిపోతాది. టీవీ రిమోటుకు వేసే సన్న సెల్లు ఒకటి పడతాది. అంతే."

"మనిసికి ఇంగేం కావాల రా?"

సన్న సెల్లయితే మా ఊరి కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. గంగక్క దాన్ని లాక్కుని నోట్లో పెట్టుకుంది. ఎప్పుడో ఊడిన పై పన్ను సందులో, దానికోసమే సందు వదిలినట్టు, టార్చి బిగుసుకుని కూర్చుంది.

"కొనకుండా ఎంగిలి చేస్తావేంది!" విజయభాస్కర్ లేచి నిలబడ్డాడు.

ఆమె టార్చి నోట్లోంచి తీసి, "నువ్వు నోరు తెరువు" అంది.

"నేనేంటికి?"

"నేను కొనేది నోరు సూసేదానికి. ఈడ నీ నోరు గాక ఇంగే నోరుండాది?"

అతను వద్దనేలోపే అలవాటైన చెయ్యి బల్ల మీదుగా పోయి దవడ పట్టుకుంది. పట్టు గొర్రెల మీద సాధన చేసినది, మనిషి కదల్లేడు. ముందు బారెడు టార్చి వేసి చూసింది. పండ్లన్నీ ఒకే తీరుగా మెరిశాయి. దాన్ని పక్కన పెట్టి చిన్నది కరిచి పట్టుకుని, తల కొంచెం వాల్చి, వెలుతురును పక్కనుంచి జార్చింది. ప్రతి పన్ను పక్కనా నీడ పడింది. ఒక్కదాని నీడ మాత్రం వేరేగా ఉంది.

"ఈ పన్ను నీది కాదు" అంది టార్చి తీసి. "కట్టించుకున్నావు."

ఈశ్వరి నెమ్మదిగా గల్లాపెట్టె మూసింది.

"పెండ్లికి ముందా, పెండ్లయినాకనా?" అని మొగుణ్ణి అడిగింది.

"తీస్కొని పో అవ్వా!" విజయభాస్కర్ అరిచాడు.

"అక్కా అను, పోతా."

"అక్కా! పో!"

సంత రోజు ఆ టార్చి గంగక్క వక్కాకు తిత్తి దారానికి, ఇంటి బీగం పక్కన వేలాడుతూ వచ్చింది. తిట్టాలనుకున్నప్పుడు నోరు ఖాళీగా ఉండాలి కదా, పని పడితేనే పంటి సందులోకి ఎక్కుతుంది.

సోమప్ప ముభావంగా వెనక నడిచాడు. ఆమె గొర్రెల మీద వంగి, అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకుంటూ పోయింది. ఎక్కడా వెలుతురు కనపడదు. దూరం నుంచి చూస్తే ముసలామె గొర్రెలకు ముద్దులు పెడుతున్నట్టుంది. నడుం దగ్గర తిత్తిలో, ఎండబెట్టి బతికించుకున్న ఫోను మోగింది. మోగనిచ్చింది. ఓబులేష్ చేస్తూనే ఉన్నాడు, అది మోగుతూనే ఉంది, ఆమె చూస్తూనే ఉంది.

చివరికి ఒక మంద దగ్గర ఓబులేషే ఎదురొచ్చాడు. అమ్మేవాడు అతని మనిషి.

"సోమప్పా, ఈ గొర్రెను సూసినావా? నాలుగు పండ్లు. వజ్రాలు!" అంటూ రోకలి టార్చి ఎదురుగా కొట్టాడు. పండ్లు తెల్లగా మెరిశాయి. జనం మూగారు.

గంగక్క వంగి చూసింది. టార్చి ఆర్పింది. సంతలో అమ్మకందారు ముందర అతని గొర్రెను పైకి చెడ్డది అనకూడదు, అది కట్టుబాటు. చెప్పాల్సింది తువ్వాలు కింద వేళ్ళతో చెప్పాలి. చిటికెన వేలు వంచితే వద్దని. ఆమె సోమప్ప చెయ్యి తువ్వాలు కిందికి లాగి, విరిగేంతగా వంచింది.

"అబ్బా!" అన్నాడు సోమప్ప.

"సూపు ఆనక వేలు విరగ్గొడతాంది" అన్నాడు ఓబులేష్. జనం నవ్వారు. "ఇంత తెల్లగా కనపడతాంటే అనుమానమేంది సోమప్పా? నీ కండ్లు నువ్వు నమ్ముకో."

సోమప్ప గొర్రెను చూశాడు, ఓబులేష్‌ను చూశాడు, గంగక్కను చూశాడు. "అక్కా, నాకైతే బాగానే కనపడతాండాదే..." అని నసిగాడు.

గంగక్క తన పంటి సందులోంచి టార్చి పెరికి, మళ్ళీ వెలిగించి, తడి కూడా తుడవకుండా సోమప్ప నోటికి అందించింది.

"ఇది... నీ ఎంగిలి కదా..."

"నీలినాలుక రోగం నాకు లేదులే. కరిచిపట్టు. పక్కనుంచి సూడు."

సోమప్ప కళ్ళు మూసుకుని టార్చి కరిచి, వంగాడు. ఆమె గొర్రె పెదవి దించి పట్టుకుంది. అతను తల వాల్చాడు. పక్క వెలుతురులో పండ్ల మీద సన్నటి గీతలు తేలాయి, ఆకురాయి ఒకే దిక్కుకు రాసిన గీతలు. చిగుళ్ళ దగ్గర సందులు నల్లగా నోళ్ళు తెరిచాయి.

"ఊఁ! ఊఊఁ!" అన్నాడు సోమప్ప. నోట్లో టార్చి ఉంది మరి.

దాన్ని ఊసి చేత్తో పట్టుకున్నాక అతను నేరుగా ఓబులేష్ ముఖంలోకి చూశాడు. "పోయిన సంత గొర్రెకు గూడా ఆకురాయి పట్టింది నువ్వేనా?"

ఓబులేష్ రోకలి టార్చి ఆర్పేశాడు. "బేరం వద్దనుకుంటే వద్దను. నోరు జారొద్దు."

"ఆ లైటు తీస్కోని ఇంగ నా దారికి అడ్డం రావద్దు. నీ నోట్లో మన్ను పడ." గంగక్క తిట్టాల్సిన తిట్టు సోమప్ప తిట్టేశాడు. జనం ఈసారి ఓబులేష్‌ను చూసి నవ్వారు.

సోమప్ప టార్చిని తువ్వాలుతో తుడిచి చాపాడు. "అక్కా, ఆ పక్క మంద గూడా సూడు. వచ్చే సంతకూ నువ్వే రావాల."

"వస్తా. ముందు నువ్వు నోరు తెరువు."

"నాకేంటికి అక్కా?"

"నీ నోట్లో నాలికలు ఎన్నుండాయో సూసుకోవాల. మొన్నొక మాట, ఈ పొద్దొక మాట."

సోమప్ప అటూ ఇటూ చూశాడు. అందరూ చూస్తున్నారు. తెరిచాడు. గంగక్క టార్చిని పంటి సందులో బిగించి, అతని దవడ పట్టుకుని, తీరిగ్గా, ఏ గొర్రెనూ చూడనంత సేపు చూసింది.